పూర్వ విద్యార్థుల సన్మానం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అనంతపురంలో ఒకే కాలేజీ హాస్టల్‌లో ఉండి చదువుకున్నవాళ్లం సంఘం పెట్టుకున్నాం. పైకొచ్చిన మా వాళ్లను సంక్రాంతికి సన్మానించాలని ఉంది. ఇప్పటికే 22 పేర్లు వచ్చాయి. ఎవరినీ కాదనలేకపోతున్నాం. – సంఘం కార్యదర్శి, అనంతపురం

జవాబు: ఒక్కొక్కరికి పరిచయం రెండు నిమిషాలు, శాలువా, జ్ఞాపిక, ఫొటోలకు రెండు, వారు మాట్లాడటానికి నాలుగు అనుకోండి. 22 మందికి దాదాపు మూడు గంటలు. పదో మనిషి దగ్గరికే చప్పట్లు పలచబడతాయి. చివర పిలిచినవారి ఎదుట ఖాళీ కుర్చీలు ఉంటాయి. అంతదూరం నుంచి రప్పించి చిన్నబుచ్చినట్టవుతుంది. ఏడాదికి ఏడెనిమిది మంది చాలు. మిగతా పేర్లను వచ్చే ఏడాది ముందుగా చూస్తామని మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయండి. అప్పుడు అలకలు తగ్గుతాయి.

ఎంపికకు ఐదుగురిని వేయండి. ఐదుగురూ ఒకే బ్యాచ్ వాళ్లు కాకూడదు, ఒకే ఊరి వాళ్లూ కాకూడదు. సంఘం పదవుల్లో ఉన్నవారికి ఆ ఏడు సన్మానం ఉండదని మొదటే రాసుకోండి. సంఘాల్లో గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. కలెక్టర్లు, డాక్టర్లు, అమెరికా ఇంజనీర్ల పేర్లు ఎవరూ గుర్తుచేయకుండానే వస్తాయి. వేరుశనగ తప్ప వేరే పంట ఎరగని పల్లెలో డ్రిప్పు వేసి చీనీ తోట నిలబెట్టిన రైతు, ఒకే సర్కారు బడిలో ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పిన అయ్యవారు మీ హాస్టల్ వాళ్లే అయి ఉంటారు. వాళ్లను మీరే వెతకాలి. ఎనిమిదిలో మూడు స్థానాలు అలాంటివారికి ఉంచండి.

పేరు ఖాయం చేసే ముందు కాలేజీ అడ్మిషన్ రిజిస్టర్ చూడండి. ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టి, చేరిన సంవత్సరం, గ్రూపు సరిపోల్చుకోండి. మీ కాలేజీలో ఆడపిల్లలూ చదివి ఉంటే వారిని పుట్టింటి ఇంటిపేరుతో వెతకాలి. పెళ్లయ్యాక మారిన పేరుతో రిజిస్టర్‌లో దొరకరు. దొరకలేదని జాబితాలోంచి తీసేయడం పెద్ద పొరపాటు.

ప్రశ్న: డిగ్రీ పూర్తి చేయకుండా వెళ్లిపోయినవారిని పూర్వ విద్యార్థి అనవచ్చా? – కడప

జవాబు: నిస్సందేహంగా అనవచ్చు. నీలం సంజీవరెడ్డి అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదువుతూ 1931లో చదువు ఆపి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు, 1977లో రాష్ట్రపతి అయ్యారు. ఆయనను వదిలేసి ఆ కాలేజీ గొప్పవారి జాబితా ఎవరు రాయగలరు? కాకపోతే బోర్డు మీద ‘పట్టభద్రుడు’ అని రాయకూడదు, ‘ఇక్కడ చదివారు’ అని రాయాలి. అదే కాలేజీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ పాఠాలు చెప్పారు. ఆయన పేరు అధ్యాపకుల వరుసలో ఉండాలి, విద్యార్థుల వరుసలో కాదు.

ప్రశ్న: కిందటిసారి సన్మాన పత్రాల్లో వత్తులన్నీ చెదిరిపోయాయి. తప్పు ఎవరిది? – కర్నూలు

జవాబు: ఫోన్‌లో టైపు చేసేది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి. ప్రెస్సుల్లో చాలావరకు వాడేది ‘అను’ అనే వేరే పద్ధతి ఫాంట్లు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు వత్తులు, గుణింతాలు ఎగిరిపోతాయి, లేదా పక్క అక్షరానికి అంటుకుంటాయి. మార్చిన తర్వాత తీసిన ప్రూఫ్‌నే చదవాలి. మీరు వాట్సాప్‌లో పంపిన మూలం సరిగ్గా ఉంటే సరిపోదు. ప్రూఫ్ కాగితం మీద తీయించి, ఒకరు పైకి చదువుతుంటే మరొకరు చూడండి. ఇంటిపేరు, హోదా సన్మానితులకు పంపి సరేననిపించుకున్నాకే ఫ్రేము కట్టించండి.

పత్రం 120 మాటలు మించవద్దు. ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’, ‘సరస్వతీ పుత్రుడు’ లాంటివి ఎవరికైనా అతుకుతాయి కనుక ఎవరికీ అతకవు. ఏ ఏడు హాస్టల్‌లో చేరారు, ఏ పని చేశారు, దానివల్ల ఎవరికి మేలు జరిగింది – ఈ మూడూ ఉంటే పత్రం గోడమీద నిలుస్తుంది.

ప్రశ్న: చనిపోయిన మిత్రుడిని ఎలా గౌరవించాలి? – అనంతపురం

జవాబు: ఇంటివారిని ముందే అడిగి, వేదిక మీదకు ఎవరు వస్తారో వారే చెప్పేలా చూడండి. ఆయన భార్య వస్తే పళ్లెంలో కుంకుమ, పూలు పెట్టాలా వద్దా అన్నది కూడా ఇంటివారినే అడగాలి. వేదిక మీద తటపటాయించడం ఆమెకు బాధ. ఆ సన్మానం మొదటే జరగాలి, నవ్వుల పాటల మధ్యలో కాదు.

ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి ఫ్రెటర్నిటీలో (కాలేజీ విద్యార్థుల సంఘంలో) చేరాడు. చాప్టర్ పాత సభ్యుల వేడుకకు చందా అడుగుతున్నారట. ఇది మన హాస్టల్ సంఘం లాంటిదేనా? – కర్నూలు

జవాబు: కొంతవరకు. హాస్టల్‌లో సీటు వస్తే చాలు. ఫ్రెటర్నిటీలో పాత సభ్యులు ఎంచుకోవాలి, దీక్ష ఉంటుంది, సభ్యత్వం జీవితాంతం ఉంటుంది. ఒక కాలేజీలో ఉన్న శాఖ పేరు చాప్టర్. 1906లో కార్నెల్ యూనివర్సిటీలో పుట్టిన ఆల్ఫా ఫై ఆల్ఫా అనే ఫ్రెటర్నిటీలో మార్టిన్ లూథర్ కింగ్ 1952లో చేరారు. వాషింగ్టన్‌లో ఆయన స్మారకం కట్టించడానికి పూనుకున్నది ఆ సంఘమే. 2011లో దాన్ని అంకితం చేశారు. పాత సభ్యుడిని గౌరవించడమంటే ఎంత దూరం వెళ్లవచ్చో చూడండి. చందా చాప్టర్‌కా, దాని ధర్మనిధికా అన్నది అడగమనండి. అక్కడ పన్ను మినహాయింపు సాధారణంగా ధర్మనిధికి ఇచ్చినదానికే. కొత్తవారిని హింసించే హేజింగ్ జరుగుతుంటే, అది ఎంత పేరున్న చాప్టరైనా బయటికి రమ్మనండి.

ప్రశ్న: విదేశాల్లో ఉన్న మావాళ్లు డబ్బు పంపుతామంటున్నారు. నేరుగా తీసుకోవచ్చా? – కడప

జవాబు: పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఆయన పుట్టింది పులివెందులలోనైనా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ఆ అనుమతి ఉన్నవారికీ డబ్బు ముందు చేరాల్సింది ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాకే. తెలియక సంఘం ఖాతాలో వేయించుకున్న చిన్న మొత్తమైనా చిక్కు తెస్తుంది.

సంఘాన్ని రిజిస్టర్ చేయించడానికి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. కార్యదర్శి సొంత ఖాతాలో చందాలు వేయించవద్దు. ఎంత నిజాయితీపరుడైనా లెక్క అడిగిన రోజు ఆయనే నలిగిపోతాడు.