అవ్వ పట్టుచీర ముక్కల మీద కుట్లు వేసే ముందు

అనంతపురం

చిరంజీవి పాపకు పెద్దమ్మ దీవించి రాయునది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని మరీ చూశాను. అవ్వ ధర్మవరం చీరలతో క్రేజీ క్విల్ట్, అంటే రకరకాల ఆకారాల ముక్కలు అతికి అతుకుల మీద అలంకారపు కుట్లు వేసే బొంత, మొదలుపెట్టావంటే చాలా సంతోషంగా ఉంది. బీరువా అడుగున మడతల మీదే చిరిగిపోవడం కంటే, ఇలా నలుగురి కళ్ల ముందు ఉండడం ఎంతో మేలు. ముక్కలు కూడా చక్కగా అతికావు. అయితే ఒకే చదరంలో నీకు వచ్చిన కుట్లన్నీ వేసేశావు. కన్ను ఎక్కడా నిలవడం లేదు. పైగా వంద కుట్ల పుస్తకం కొనమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దమ్మీ. హెరింగ్‌బోన్, ఫెదర్, కాజా కుట్టు, గొలుసు కుట్టు, ఈ నాలుగూ నీ చేతికి వచ్చాయి కదా. వాటినే ఎన్ని రకాలుగా తిప్పొచ్చో చూడు. కొత్తదనం అక్కడే దొరుకుతుంది.

దానికి ముందు ఒక ట్రయల్ గుడ్డ పెట్టుకో. పాత కాటన్ దుప్పటి ముక్కయినా సరే. దాని మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో అడ్డగీతలు గీయి, గీతకూ గీతకూ రెండంగుళాల ఖాళీ ఉంచు. ఒక్కో గీత మీద ఒకే కుట్టు. మొదట మామూలుగా వెయ్యి, తర్వాత ఎత్తు పెంచు, ఆ తర్వాత ఎడం తగ్గించు. ఆరు పోగుల దారంలో రెండు పోగులతో ఒకసారి, నాలుగు పోగులతో ఒకసారి వేసి చూడు. పక్కనే ఎన్ని పోగులో, ఏ రంగు నంబరో పెన్నుతో రాసి పెట్టుకో. నెల తర్వాత నచ్చిన కుట్టు మళ్లీ వేయాలంటే గుర్తుండదు. ఆ గుడ్డే నీకు పుస్తకం.

హెరింగ్‌బోన్ నే తీసుకో. రెండు గీతల మధ్య ఎడమ నుంచి కుడికి పోతూ, సూది మొన మాత్రం ఎడమ వైపు ఉండేలా గుడ్డను కొంచెం కొంచెం సూదితో పట్టుకుంటూ పోతాం. పైనొకటి, కిందొకటి. దారాలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. ఇక్కడిదాకా అందరూ వేసేదే. ఇప్పుడు ఆ దారాలు కలిసిన ప్రతిచోటా వేరే రంగుతో ఒక చిన్న నిలువు కుట్టు వేసి కట్టెయ్యి. ఇంకో వరుసలో, మొదటి హెరింగ్‌బోన్ ఖాళీల్లోనే రెండో రంగుతో మరో హెరింగ్‌బోన్ వెయ్యి. మూడో వరుసలో, గుడ్డను కుట్టకుండా సూదిని కన్ను వైపు నుంచి దూర్చి ఆ దారాల కిందనుంచి మరో దారం అల్లుకుంటూ పో. నాలుగోదానిలో, పైన కింద మిగిలిన ఖాళీల్లో ఒక్కో ఫ్రెంచ్ నాట్, అదే సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడి, పెట్టు. ఒక్క కుట్టే, నాలుగు అంచులు అయ్యాయి. ఇవి నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, నీ పట్టు ముక్కకు ఏది నప్పుతుందో నీకే తెలిసిపోతుంది.

ఫ్రెంచ్ నాట్ గుడ్డలోంచి అవతలికి జారిపోతోందని రాశావు. సూది పైకొచ్చిన రంధ్రంలోనే మళ్లీ దించుతున్నావన్నమాట. ఒక్క నూలు పక్కకు జరిపి దించు. ఎడమ చేత్తో దారం బిగువుగా పట్టుకో, సూది పూర్తిగా దిగేదాకా వదలొద్దు. ముడి నిలుస్తుంది.

ఫెదర్ కుట్టు నీకు తేలిగ్గా వస్తోంది కాబట్టి దాంతో ఎక్కువ ఆడుకో. మన వైపుకు కుట్టుకుంటూ వస్తాం కదా, కుడికొకటి ఎడమకొకటి. కుడికి రెండు, ఎడమకు రెండు వేసి చూడు. ఒకవైపు పొడుగ్గా, ఇంకోవైపు పొట్టిగా వేస్తే తీగలాగా వంగుతుంది. కొనలకు లేజీ డేజీ ఆకులు, అంటే విడివిడిగా వేసే ఒక్కో గొలుసు కుట్టు, తగిలించు. కాజా కుట్టులో కాళ్లు పొట్టి, పొడుగు, పొట్టి అని మార్చు. లేదంటే మూడు కాళ్లూ ఒకే రంధ్రంలోంచి వచ్చేలా చెయ్యి, విసనకర్రల వరుస వస్తుంది.

ఇంకా కొత్త ఆలోచనలు కావాలంటే, మన లేపాక్షికి ఒకసారి వెళ్లు. వీరభద్రస్వామి గుడిలో లతా మంటపం స్తంభాల దగ్గర తీరిగ్గా నిలబడు. 16వ శతాబ్దంలో చెక్కిన ఆ తీగలు, పూలు, వజ్రం గడులు చూసే మన చీరల అంచులకు లేపాక్షి డిజైన్లు తీసుకున్నారు. ఫోటో తీసుకోవద్దనను, కానీ ఒక చిన్న నోటుబుక్కులో పెన్సిల్‌తో గీసుకో. గీస్తున్నప్పుడే ఇది ఫెదర్‌తో వస్తుంది, ఇది రెండు వరుసల హెరింగ్‌బోన్‌తో వస్తుంది అని చెయ్యి ఆలోచించడం మొదలుపెడుతుంది. హిందూపురం దాకా రైలుంది, అక్కడి నుంచి బస్సులో దగ్గరే.

తండాల్లో సుగాలి ఆడవాళ్ల పాత రవికెలు కనిపిస్తే వెనక్కి తిప్పి కూడా చూడనిమ్మని అడుగు. రవికె మీది అద్దాన్ని జిగురుతో అతికించరు వాళ్లు. ముందు దాని మీద నిలువుగా రెండు, అడ్డంగా రెండు దారాలు బిగించి, ఆ దారాలనే పట్టుకుని చుట్టూ కుట్టుకుంటూ పోతారు. మొదటి దారాలు వదులైతే అద్దం ఊడిపోతుంది. నీ క్విల్ట్‌లో మూడు నాలుగు ముక్కలు ఒకచోట కలిసి కుట్టు సరిగ్గా కుదరని మూలలు ఉంటాయి చూడు, అక్కడొక చిన్న అద్దం పెడితే ఎంత బాగుంటుందో. ప్రతి మూలకూ మాత్రం పెట్టకు.

ఇప్పుడు గుడ్డ సంగతి. నాకు అన్నిటికంటే దిగులు ఇదే. 1880ల్లో అమెరికాలో చాలా ఇళ్లలో ఈ క్విల్టులు కుట్టారు, పట్టు, వెల్వెట్ ముక్కలతో. అప్పట్లో పట్టుకు బరువు రావడానికి తగరం, ఇనుము లవణాలు ఎక్కించేవారు. ఆ పట్టు కాలం గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోయింది. చుట్టూ వేసిన కుట్లు మిగిలి, మధ్యలో ముక్క మాయమైన క్విల్టులు ఎన్నో ఉన్నాయి. అవ్వ చీరలో ఆ లవణాల భయం లేకపోయినా, మడత గీతల దగ్గర పట్టు అరిగి ఉంటుంది. ముక్క కత్తిరించేముందు వెలుతురుకు ఎదురుగా పట్టుకో. మడత మీద సన్నగా వెలుగు కనిపిస్తే ఆ భాగం వదిలెయ్యి, ఎంత అందమైన బుటా ఉన్నా సరే. జరీ అంచు ముక్కలు పెట్టుకో కానీ, అతుకు మాత్రం జరీ లేని చీర ఒంటి భాగం మీద పడేలా చూసుకో. దట్టమైన జరీలో సూది దిగదు, బలవంతం చేస్తే జరీ తెగుతుంది. ఇస్త్రీ తిరగవైపు నుంచి, పైన పలుచటి గుడ్డ వేసి చెయ్యి.

అడుగున వేసే కోరా గుడ్డను ముందే తడిపి ఆరబెట్టు. 12 అంగుళాల చదరం కావాలంటే 13 అంగుళాలు కత్తిరించు, ఎందుకంటే చేతికుట్టు పడేకొద్దీ గుడ్డ లోపలికి గుంజుకుంటుంది. అంచు నుంచి అరంగుళం లోపలే కుట్టు ఆపెయ్యి. చదరాలన్నీ విడివిడిగా కుట్టి, చివర్లో కలుపు. మన బొంతలో పరుగు కుట్టే పొరలను పట్టి ఉంచుతుంది. ఇక్కడ అతుకులు ముందే గట్టిగా కుట్టేసి ఉంటాం, పైన పడేది అలంకారం. కాబట్టి దారాన్ని బిగించి లాగకు, గుడ్డ మీద అలా ఆనుకుని ఉంటే చాలు.

చిన్న అతుకు వెళ్లి పెద్ద అతుకును తగిలేచోట, ముందు చిన్నదాని మీద కుట్టు వెయ్యి. పెద్దదాని కుట్టు చివర్లో వేస్తే, చిన్నదాని కొస దాని కింద దాగిపోతుంది. నీ ఫోటోలో ఇది తిరగబడింది, అందుకే మూలలు చిందరవందరగా ఉన్నాయి.

పూల ప్రింటు మీద ఎంత కష్టపడి కుట్టినా కనబడదు. ప్రింటు పక్కన ఎప్పుడూ సాదా ముక్క పెట్టు. వెల్వెట్ అయితే సన్న దారాన్ని మింగేస్తుంది, నాలుగు పోగులకు తగ్గకు. ఎర్ర దారం, మెరూన్ దారం కొనగానే ఒక పోగు తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడు. రంగు దిగితే పట్టు దగ్గరికి రానీయకు.

దారం మూరెడు తీసుకో, అంతకంటే వద్దు. పోగులు ఒక్కొక్కటిగా విడదీసి మళ్లీ కలుపుకుంటే చిక్కు పడదు. నల్ల గుడ్డ మీద పని పగటిపూటే పెట్టుకో, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి లైట్ల కింద వద్దు.

ఈ మొదటి చదరం విప్పాలా అని టెన్షన్ పడకు. ఒక్క పని చెయ్యి. మధ్యలో ఉన్న నెమలికంఠం రంగు ముక్క చుట్టూ వేసిన గొలుసు కుట్లు రెండు వరుసలు మాత్రం తీసెయ్యి, ఆ పట్టుకు ఊపిరి ఆడుతుంది. మిగతావి ఉండనీ. దసరాకు వచ్చేటప్పుడు ట్రయల్ గుడ్డ తీసుకురా. సూదికి దారం చాలాసార్లు చుట్టి లాగే బులియన్ కుట్టుకు సూది కన్ను అడ్డం పడుతోందన్నావు కదా, కన్ను కాడ కంటే లావు లేని పొడుగు సూదులు పాతూరులో తీసిపెడతాను, ఇద్దరం కూర్చుని వేద్దాం.

ఇట్లు,
పెద్దమ్మ