ఆరేళ్ల బాబుకి మొదటి ట్రైన్ సెట్: బ్యాటరీదా, కరెంటుదా?

మీ బాబుకి ఆరేళ్లు, బ్యాటరీ సెట్ చాలా, లేక ఎక్కువ పెట్టి కరెంటుతో నడిచే హెచ్ఓ (మోడల్ రైళ్లలో ఒక సైజు) సెట్ కొనాలా అని అడిగారు. మా ఇద్దరు పిల్లల పుణ్యమా అని ఇంట్లో చెక్క సెట్, బ్యాటరీ సెట్, హెచ్ఓ మూడూ ఉన్నాయి, అందుకే చెప్తున్నా. డబ్బా మీద "ఎనభై ముక్కలు" అని రాసుంటే పడిపోకండి, అందులో సగం చెట్లు, స్తంభాలే. ముందు పట్టాలు చూడండి. ఇంజన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, పట్టాలు వేరే వాటితో కలవకపోతే మాత్రం ఆ సెట్ పెరగదు.

చవక బ్యాటరీ సెట్లతో నాకున్న గొడవ ఇదే. మా దాంట్లో మోటారు ఇప్పటికీ భేషుగ్గా ఉంది, పోయినవల్లా పెట్టెల్ని కలిపే కొక్కేలు, పట్టాల చివర క్లిప్పులు, అవి విడిగా దొరకవు. పేరున్న కంపెనీదైనా అడిగే కొనండి, లయొనెల్ వాళ్ల బ్యాటరీ ప్లాస్టిక్ సెట్ వాళ్ల సొంత 'ఓ' గేజ్ (హెచ్ఓ కంటే పెద్ద సైజు) పట్టాలతోనే కలవదు.

హెచ్ఓ అంటే అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. రెండు పట్టాల డీసీ సెట్ అయితే వేరే కంపెనీ ఇంజన్, పెట్టెలు కూడా దాదాపుగా నడుస్తాయి, డబ్బుకి విలువ అక్కడుంది. (మార్క్లిన్ కంపెనీ హెచ్ఓ మాత్రం మూడు పట్టాల పద్ధతి, దాంతో కలపలేం.) కింద ప్లాస్టిక్ బేస్ ఉన్న పట్టాలు మాత్రం ఏ కంపెనీవి ఆ కంపెనీవే, బిగించే పద్ధతి వేరు. స్టీలువా, నికెల్ సిల్వరువా (రాగి, నికెల్, జింకు కలిపిన లోహం) అని కూడా అడగండి. స్టీలు తుప్పు పడుతుంది, ఇంజన్ ఆగి ఆగి నడుస్తుంది, పిల్లాడేమో "పాడైపోయింది" అని ఏడుస్తాడు. బాక్‌మన్ కంపెనీ ఈజీ ట్రాక్ పట్టాల్లో నల్ల బేస్ ఉన్నవి స్టీలు, బూడిద రంగు బేస్ ఉన్నవి నికెల్ సిల్వర్. ఏదైనా సరే, అప్పుడప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాల్సిందే. తివాచీ మీద అస్సలు వద్దు, నూలుపోగులు చక్రాల ఇరుసులకి చుట్టుకుంటాయి. మామూలు గుండ్రటి లూప్ వ్యాసమే 36 అంగుళాలు, కాబట్టి అంత బల్ల ఉందో లేదో ముందే కొలుచుకోండి.

ఆరేళ్లకి నా ఓటు చెక్క పట్టాలకే. బ్రియో (చెక్క రైళ్లు చేసే కంపెనీ) సైజు పట్టాలని చాలా కంపెనీలు చేస్తాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి, వాటి మీద నడిచే బ్యాటరీ ఇంజన్లూ ఉన్నాయి. హెచ్ఓ పెట్టెల చిన్న చక్రాల్ని పట్టాల మీద సరిగ్గా కూర్చోబెట్టడం ఈ వయసుకి కష్టం, ప్రతిసారీ మీరే పక్కన కూర్చోవాలి. మీకూ సరదా ఉండి కూర్చుంటానంటే అప్పుడు హెచ్ఓనే తీసుకోండి, కాకపోతే ఒక ఇంజన్, మూడు పెట్టెలు, నికెల్ సిల్వర్ పట్టాలున్న చిన్న సెట్ చాలు, పట్టాలు మార్చే పాయింట్లు తర్వాత పుట్టినరోజుకి కొనొచ్చు.