స్టీల్‌లో హైడ్రోజన్ మీద ప్రాజెక్టు... ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మెటలర్జీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫైనలియర్ ప్రాజెక్టుగా నిర్మాణ స్టీళ్లలో తుప్పు, హైడ్రోజన్ వ్యాపనం (డిఫ్యూజన్, అంటే లోహం లోపల హైడ్రోజన్ పాకడం) తీసుకోమని గైడ్ అంటున్నారు. ‘అదేం సబ్జెక్టు, కోడింగ్ వైపు వెళ్లు’ అని ఫ్రెండ్స్ టెన్షన్ పెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తీసుకోండి. కాకపోతే ఎక్కడికి దారి తీస్తుందో తెలిసి తీసుకోండి.

2013లో శాన్‌ఫ్రాన్సిస్కో-ఓక్లాండ్ బే బ్రిడ్జి కొత్త భాగంలో 96 యాంకర్ రాడ్లను బిగిస్తే, కొద్ది రోజుల్లోనే వాటిలో 32 తెగిపోయాయి. కారణం హైడ్రోజన్ పెళుసుదనం. తుప్పు పట్టేటప్పుడో, యాసిడ్‌తో కడిగేటప్పుడో, జింకు పూత వేసేటప్పుడో పుట్టే హైడ్రోజన్ అణువులుగా జతకట్టకముందే, విడి పరమాణువుగా స్టీల్‌లోకి దూరి దాన్ని పెళుసుగా మార్చేస్తుంది. స్టీల్ ఎంత బలమైనదైతే ప్రమాదం అంత ఎక్కువ. పైకి బోల్టు నిగనిగలాడుతూనే ఉంటుంది. విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే చాలాసార్లు లోహంలోని స్ఫటికాలు గింజ గింజగా విడిపోయి కలకండ పలుకుల్లా కనిపిస్తుంది. ఒక్కసారి చూస్తే మరిచిపోరు.

ప్రాజెక్టులో మీరు బహుశా వాడబోయేది దేవనాథన్-స్టాచుర్స్కీ సెల్, స్టీల్‌లో హైడ్రోజన్ ఎంత వేగంగా పాకుతుందో కొలిచే అమరిక. 1962 నాటి పద్ధతి, ఇప్పటికీ ల్యాబుల్లో అదే. పల్చటి స్టీల్ రేకుకు ఒకవైపు హైడ్రోజన్ ఎక్కిస్తారు, రెండోవైపు బయటపడే ప్రతి పరమాణువూ ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది. ఆ కరెంటు పెరిగే తీరును బట్టి ఆలస్య కాలం (హైడ్రోజన్ అవతలికి చేరడానికి పట్టే సమయం) లెక్కగడతారు. రేకు మందం వర్గాన్ని దానికి ఆరు రెట్లతో భాగిస్తే వ్యాపన గుణకం వస్తుంది. అదే రేకుతో రెండోసారి చేస్తే కరెంటు తరచు ముందే లేస్తుంది, మొదటిసారే కొన్ని ‘ట్రాపులు’ (స్టీల్‌లో హైడ్రోజన్ చిక్కుకుపోయే చోట్లు) నిండిపోయి ఉంటాయి కాబట్టి. చాలామంది దీన్ని ప్రయోగంలో తప్పు అనుకుని డేటా పారేస్తారు! ఈ వక్రరేఖలకు ఫిట్టింగ్ చేయడానికి పైథాన్ కావాలి, కాబట్టి కోడింగ్ ఎటూ పోదు.

‘హైడ్రోజన్ వ్యాపనం’ అని రాసున్న ఉద్యోగ ప్రకటనలు అరుదు. కరోజన్ ఇంజినీర్, పైప్‌లైన్ ఇంటెగ్రిటీ, ఫెయిల్యూర్ అనాలిసిస్ అని వెతకండి. ఫాస్టెనర్లు, ప్లేటింగ్, ఆటోమొబైల్ స్టీల్ తయారీలోనూ ఈ పని తెలిసినవాళ్లు కావాలి. పరిశోధనే ఇష్టమైతే మాస్టర్స్‌తో ఆగకుండా పీహెచ్‌డీకి సిద్ధపడాలి.

గైడ్‌కు ‘సరే’ అనేముందు ల్యాబుకు వెళ్లి పొటెన్షియోస్టాట్ (ఈ ప్రయోగంలో వోల్టేజీని అదుపు చేసి కరెంటును కొలిచే పరికరం) పనిచేస్తోందో లేదో కళ్లతో చూసి రండి. అది ఆరు నెలలుగా రిపేరులో ఉంటే ఈ సలహా మొత్తం మళ్లీ ఆలోచించాల్సిందే.