గైడ్‌కి సైటేషన్లు తక్కువైతే హెచ్‌ఐవీ పీహెచ్‌డీ వద్దా?

ప్రశ్న: "ఎమ్మెస్సీ అయింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చింది. హైదరాబాద్‌లోనే హెచ్‌ఐవీ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. నాకు నచ్చిన గైడ్‌కి గూగుల్ స్కాలర్‌లో పదిహేను వందల సైటేషన్లే ఉన్నాయి. ఇదే వైరస్ మీద పనిచేసే అమెరికా వాళ్లకి లక్ష దాటుతున్నాయి. ఈయన దగ్గర చేరితే కెరీర్ దెబ్బతింటుందా?"

ఆ అంకె వల్ల దెబ్బతినదు. సైటేషన్ అంటే ఒకరి పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్‌లో ఉదహరించడం, అంతే. అసలు ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడకూడదు. నేను ఇక్కడే ఒక ల్యాబ్‌లో హెచ్‌ఐవీలో సబ్‌టైప్ సి అనే రకం మీద పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు ఒక మందుల కంపెనీలో లిటరేచర్ సెర్చ్ పని చూస్తున్నాను. ఏ పేపర్‌ని ఎవరు, ఎందుకు ఉదహరించారో వెతకడమే నా ఉద్యోగం.

లక్షల సైటేషన్లు ఎక్కడి నుంచి వస్తాయో ముందు చూడండి. హెచ్‌పీటీఎన్ 052 అని ఒక పెద్ద ట్రయల్ జరిగింది. దంపతుల్లో ఒకరికి వైరస్ ఉండి, రెండోవారికి లేని 1763 జంటలు అందులో ఉన్నాయి. చెన్నై, పుణె జంటలు కూడా ఉన్నాయి. మందులు తొందరగా మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. ఆ తర్వాత హెచ్‌ఐవీ నివారణ గురించి ఎవరేం రాసినా ఆ పేపర్‌ని చెప్పక తప్పలేదు. దాని రచయితల జాబితా చాంతాడంత ఉంటుంది. అందులో ఉన్న ప్రతి ఒక్కరి ఖాతాలోనూ సైటేషన్ పూర్తిగా పడుతుంది, పంచుకోవడం ఉండదు. అలాంటి రెండు మూడు ట్రయల్స్‌లో పేరుంటే ఎవరి అంకె అయినా ఆకాశంలో ఉంటుంది. ట్రయల్ గొప్పదే. మీరు చూస్తున్న మనిషి అందులో ఏం చేశాడన్నది మాత్రం ఆ అంకెలో కనిపించదు.

ఇక మన సంగతి. ప్రపంచంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందిలో ఉన్నది సబ్‌టైప్ సి. మన దేశంలోనూ ఎక్కువగా అదే. కానీ అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా ఉండేది సబ్‌టైప్ బి కాబట్టి, ల్యాబుల్లో దశాబ్దాలుగా నడిచిన పనిలో ఎక్కువ భాగం దాని మీదే. వైరస్‌ని 'ఆన్' చేసే ప్రమోటర్ అనే జన్యు భాగంలో ఎన్‌ఎఫ్-కప్పా బి సైట్లు (మన కణంలోని ఆ పేరున్న ప్రొటీన్ వచ్చి అతుక్కునే చోట్లు) బి రకంలో మామూలుగా రెండుంటే, సి రకంలో మూడుంటాయి. నాలుగున్న సి వైరస్‌లు కూడా మన దేశంలో బయటపడ్డాయి. మాకిది చాలా పెద్ద విషయం. దీని మీద పనిచేసే ల్యాబులు తక్కువ, కాబట్టి ఉదహరించేవాళ్లూ తక్కువే. మా పేపర్లని ఉదహరించేవాళ్ల పేర్లు మాకు కంఠతా వచ్చేవి. కొత్త పేరు కనిపిస్తే ఆ పూట టీ డబ్బులు సార్ ఇచ్చేవారు.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఉదహరించినవాడు మెచ్చుకున్నాడో తిట్టాడో లెక్కలో తెలియదు. హెచ్‌ఐవీ వల్ల ఎయిడ్స్ రాదని 1987 నుంచి వాదించిన పీటర్ డ్యూస్‌బర్గ్ పేపర్లని తప్పని చూపించడానికే చాలామంది ఉదహరించారు. అవీ సైటేషన్లే. అంకెకీ గుర్తింపుకీ కూడా పొత్తు కుదరదు. ఎయిడ్స్‌కి కారణం ఈ వైరసేనని 1984లో అమెరికాలోని రాబర్ట్ గాలో బృందం 'సైన్స్' పత్రికలో వేసిన పేపర్లు ఎంతగా ఉదహరించబడ్డాయో ఈ రంగంలో అందరికీ తెలుసు. 2008 నోబెల్ మాత్రం 1983లోనే వైరస్‌ని వేరుచేసిన పారిస్ వాళ్లకి, అంటే ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీకీ, లూక్ మాంటన్యేకీ వెళ్లింది.

అలాగని లెక్కలన్నీ దండగ అనను. గాలో ల్యాబ్‌లోనే హెచ్‌ఐవీని క్లోన్ చేసిన (దాని జన్యువులకి కాపీలు తీసిన) ఫ్లాసీ వాంగ్-స్టాల్ పేరు బయట ఎంతమందికి తెలుసు? 1980లలో మహిళా శాస్త్రవేత్తల్లో అందరికంటే ఎక్కువ ప్రభావం చూపింది ఆమేనని 1990లో చెప్పింది సైటేషన్లు లెక్కపెట్టే సంస్థే.

అంకెల్లోకి ఎక్కని ప్రభావం కూడా ఉంటుంది. హెచ్‌ఐవీ క్యాప్సిడ్‌కి (వైరస్ జన్యుపదార్థం చుట్టూ ఉండే ప్రొటీన్ తొడుగుకి) శంకువు ఆకారం ఎలా వస్తుందో అమెరికాలోని యూటాలో వెస్ సండ్‌క్విస్ట్ బృందం 1999లో చూపించింది. అప్పుడది అచ్చంగా బేసిక్ సైన్స్. ఇప్పుడు ఆ క్యాప్సిడ్‌నే పట్టుకునే లెనకాపవిర్ అనే మందుని ఏడాదికి రెండు ఇంజెక్షన్లుగా ఇస్తే, 2024లో ఫలితాలొచ్చిన ట్రయల్‌లో, అది తీసుకున్న రెండు వేల పైచిలుకు ఆడవాళ్లలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. దాని జెనరిక్ తయారుచేసే లైసెన్సు పొందిన ఆరు కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, హెటిరో మన ఊరివే. ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని 2025లో ప్రకటించారు కూడా. ఇక్కడ ప్లాంట్‌లో తయారయ్యే ప్రతి వయల్‌కీ యూటా ల్యాబ్‌కి ఒక సైటేషన్ పడదు కదా!

మీ గైడ్ విషయానికొస్తే, మొత్తం అంకె వదిలేసి గత ఐదేళ్ల పేపర్లు తెరవండి. మొదటి పేరు విద్యార్థిది, చివరి పేరు ఆయనది అయితే ల్యాబ్ నడుస్తున్నట్టే. హెచ్-ఇండెక్స్ (అది 20 అంటే, కనీసం 20 సైటేషన్లు చొప్పున వచ్చిన పేపర్లు 20 ఉన్నాయని) వయసుతో పెరగడమే తప్ప తగ్గదు కాబట్టి నలభై ఏళ్లాయన్ని అరవై ఏళ్లాయనతో పోల్చకండి. ప్రొఫైల్ ఆయనదేనా అన్నది కూడా చూసుకోండి. మన రావులు, రెడ్డిలు, శ్రీనివాసులు ఇనిషియల్ కలిసిందంటే చాలు, గూగుల్ స్కాలర్‌లో ఒకరి పేపర్లు ఇంకొకరి ఖాతాలో పడుతుంటాయి. మా సీనియర్ ఒకాయన ప్రొఫైల్‌లో కొన్నాళ్లు వేరుశెనగ తెగుళ్ల పేపర్లు ఉండేవి.

బతికున్న వైరస్‌ని పెంచే పనికి బీఎస్‌ఎల్-3 (ప్రమాదకరమైన క్రిములు బయటికి రాకుండా కట్టిన ప్రత్యేక ల్యాబ్) కావాలి. అది ఆయనకి సొంతంగా ఉందా, వేరే సంస్థకి వెళ్లి చేయాలా, లేక సూడోవైరస్‌తోనే (కణంలోకి వెళ్లినా మళ్లీ పెరగలేని నకిలీ వైరస్‌తోనే) సరిపెడతారా అని ఇంటర్వ్యూలోనే అడగండి. మీ నాలుగైదేళ్లు ఎలా గడుస్తాయన్నది చాలావరకు దాని మీదే ఉంటుంది. ఇప్పుడు అక్కడున్న పీహెచ్‌డీ వాళ్లని గైడ్ లేనప్పుడు క్యాంటీన్‌లో కలిసి, థీసిస్ ఇవ్వడానికి ఎన్నేళ్లు పడుతోందో, ఫెలోషిప్ డబ్బులు ఎన్ని నెలలకోసారి పడుతున్నాయో కనుక్కోండి.