పూజ అరగంటే... మిగతా రోజంతా ఫాదర్ గారు ఏం చేస్తారు?

ప్రశ్న: మాది సికింద్రాబాద్, కథోలికులం. మా అబ్బాయికి ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 951 మార్కులు వచ్చాయి. చిన్నప్పటి నుంచి గుడిలో ఆల్టర్ బాయ్‌గా, అంటే పూజలో ఫాదర్ గారికి సాయం చేసే పిల్లాడిగా ఉన్నాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, ఫాదర్ అవుతానంటున్నాడు. పూజ చెప్పడం, పెళ్లిళ్లు, చావులు తప్ప ఫాదర్ గార్లకు రోజంతా పనేముంటుంది? ఇంత చదివే పిల్లాడు అక్కడ ఊరికే కూర్చుండిపోతాడని మావారి భయం. పైగా ఒక్కడే కొడుకు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ ఉద్యోగం ఆ ఉద్యోగం అంటూ నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మొదట అడిగేది జీతం గురించే. మీరు పని గురించి అడిగారు. ఈ నిర్ణయం అక్కడి నుంచే మొదలవ్వాలి. విని చెప్పడం కంటే చూసి చెప్పడం మేలనిపించి, నాకు తెలిసిన ఒక ఫాదర్ గారి అనుమతితో నగరం నడిబొడ్డున ఆయన పనిచేసే విచారణలో, అంటే పారిష్‌లో, ఒక బుధవారం తెల్లవారుజాము నుంచి రాత్రి గేటు వేసేదాకా ఉన్నాను. ఆఫీసులో ఓ మూల కుర్చీ వేసిచ్చారు.

ఆయన ఐదింటికే లేచారు. గురువులు, అంటే ఫాదర్లు, రోజూ పూటపూటకీ చదవాల్సిన ప్రార్థనలు ఉంటాయి, ఆ పుస్తకాన్ని బ్రీవియరీ అంటారు. అది ముగించుకుని ఆరింటికి దివ్యబలిపూజ మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు పాతికమంది కూడా లేరు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన కేరళ నర్సులు ముగ్గురు, షట్టర్ ఎత్తే ముందు మొక్కుకుని పోయే ఒక దుకాణదారు, మిగతావాళ్లు పెద్ద వయసు ఆడవాళ్లు. పూజ అరగంటలో అయిపోయింది. కానీ గుడి మెట్ల నుంచి ఆయన ఇంటి గుమ్మం దాకా ఉన్న యాభై అడుగులు నడవడానికి ముప్పావు గంట పట్టింది. ఒకావిడ మోకాళ్ల ఆపరేషన్, ఇంకొకావిడ మనవడి వీసా, వేరుపడ్డ అన్నదమ్ముల గొడవ ఒకటి. ఆయన అన్నీ నిలబడే విన్నారు. లోపల ఇడ్లీ చల్లారిపోయింది.

తొమ్మిదికి ఆఫీసు తెరిచారు. ఇక్కడ ఒక రిజిస్టరు గురించి చెప్పాలి. పెళ్లి కుదిరిన ఒక కుర్రాడు జ్ఞానస్నానం (బాప్తిస్మం) సర్టిఫికెట్ కోసం వచ్చాడు. పుట్టింది ఈ విచారణలోనే, ఇప్పుడు ఉద్యోగం బెంగళూరులో. ఫాదర్ గారు బీరువాలోంచి పొడవాటి పుస్తకం తీసి, అంచులు చిరిగిపోకుండా అరచేత్తో పేజీలు తిప్పి, ఆ ఏడాది దగ్గర ఆగారు. పిల్లాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు అన్నీ ఉన్నాయి. పక్కన మార్జిన్ ఖాళీగా ఉంది. ఆయన ముందు చూసింది ఆ ఖాళీనే. కథోలికులకు పెళ్లి ఏ ఊళ్లో జరిగినా, ఆ సంగతి జ్ఞానస్నానం పొందిన విచారణకు తెలియజేస్తే అక్కడ ఆ పేరు పక్కనే రాసుకుంటారు. మార్జిన్ ఖాళీగా ఉందంటే ఇదివరకు పెళ్లి కాలేదని లెక్క. సర్టిఫికెట్ రాసి, ముద్ర వేసి ఇచ్చేశాక ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, "అమ్మాయితో నువ్వు మాట్లాడావా, పెద్దవాళ్లే మాట్లాడారా?" అని అడిగారు. సర్టిఫికెట్ పని పది నిమిషాలైతే, ఆ ప్రశ్నకు జవాబు నలభై నిమిషాలు సాగింది. నేను లేచి బయటికి వెళ్లాను.

పల్లె విచారణకూ బజారు మధ్య గుడికీ ఉన్న తేడా ఆ బయటే కనిపించింది. పల్లెలో ఫాదర్ గారికి ప్రతి గడపా తెలుసు. ఇక్కడ తలుపు తట్టేవాళ్లలో సగం మంది ఎవరో తెలియదు. రైల్వే స్టేషన్ దగ్గరైతే మరీను. పర్సు పోయింది, ఊరికి టికెట్ డబ్బులు కావాలని పొద్దున్నే ఒకతను వచ్చాడు. ఫాదర్ గారు డబ్బు చేతికివ్వకుండా, గుడి మనిషిని తోడు పంపి టికెట్ కొనిచ్చారు. మధ్యాహ్నం అదే కథతో మరొకతను వస్తే, టికెట్ కొనిస్తాననగానే వెళ్లిపోయాడు. ఆ ఇద్దరితోనూ ఆయన ఒకే గొంతుతో మాట్లాడారు. నాకు అన్నిటికంటే కష్టమనిపించింది అదే. మోసం చేసేవాణ్ణి పది సార్లు చూశాక కూడా పదకొండోవాడి మాట మొదటిసారి విన్నట్టే వినాలి.

మధ్యాహ్నం ఒంటిగంటకు కంచం ముందు కూర్చోగానే ఫోన్. ఆసుపత్రిలో ఒక పెద్దాయన, ఐసీయూ. మెతుకు ముట్టకుండానే లేచారు. చొక్కా జేబులో రెండు చిన్న డబ్బాలు పెట్టుకున్నారు. ఒకటి బొటనవేలంత, అందులో రోగులకు పూసే పవిత్ర తైలంలో తడిపిన దూది. ఇంకొకటి గుండ్రటిది, అందులో దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పవిత్రం చేసిన అప్పం. దాన్ని జేబులో పెట్టుకున్నాక ఆయన దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బైక్ మీద, ఎండలో, ట్రాఫిక్‌లో ఇరవై ఐదు నిమిషాలు. ఐసీయూలో పెద్దాయన నుదుటి మీద, అరచేతుల్లో తైలం పూశారు. కొడుకులు అద్దం అవతల నిలబడ్డారు. ఆ పెద్దాయన ఏ గుడికి వెళ్లేవారో కూడా ఫాదర్ గారికి తెలియదు. నర్సు ఇచ్చిన నంబరు చూసి ఫోన్ చేసిన కుటుంబం అది.

తిరిగొచ్చాక నాలుగింటి దాకా స్కూలు పని. నగరాల్లో చాలా గుళ్ల ఆవరణలో బడి ఉంటుంది, ఫాదర్ గారే కరస్పాండెంట్. ఫీజు కట్టలేని పిల్లల జాబితా, చెడిపోయిన బోరు మోటారు, ఒక టీచర్ సెలవు, ఆడిటర్ అడిగిన బిల్లులు. అది ఏ స్కూలు ఆఫీసులోనైనా కనిపించే పనే.

సాయంత్రం వేరే లోకం. బుధవారం కదా, నిత్యసహాయమాత నొవెనా, అంటే మరియమాతకు వారం వారం చేసే ప్రార్థన. ఆఫీసులు వదిలే వేళకు ఆవరణ నిండిపోయింది. బొట్లు పెట్టుకున్న ఆడవాళ్లు, బురఖాలో ఒక తల్లి, చేతుల్లో కొవ్వొత్తులు. జ్వరం తగ్గని బిడ్డను ఎత్తుకొచ్చి తల మీద చెయ్యి పెట్టమన్నారు ఒకరు. ఫాదర్ గారు ప్రార్థించి, "డాక్టరుకి చూపించారా?" అని అడిగి, ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా చెప్పారు. పక్కన పాపసంకీర్తనం కోసం, అంటే చేసిన పాపాలు ఫాదర్ గారికి చెప్పుకోవడానికి, వరుస కట్టారు జనం. అక్కడ విన్నది ఆయన ఎవరికీ, ఎప్పటికీ చెప్పకూడదు. చెబితే తిరుసభ, అంటే కథోలిక సంఘం, విధించేది వెలివేత. ఒక మనిషి ఇరవై మంది దాచుకున్న బరువులు విని, ఆ వెంటనే బయటికొచ్చి గాయక బృందంతో పాట గురించి మాట్లాడాలి. రాత్రి ఎనిమిదిన్నరకు పారిష్ కౌన్సిల్ సమావేశం, సమాధుల తోటలో చోటు చాలడం లేదన్న చర్చ. గేటు వేసేసరికి పదిన్నర దాటింది. ఆదివారమైతే ఈ జనానికి అనేక రెట్లు, భాషల వారీగా పూజలు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరు కాబట్టి తమిళులు, ఇంగ్లీషు పూజకు వచ్చేవాళ్లు, తెలుగువాళ్లు ఎవరి వేళకు వాళ్లు వస్తారు. మీ సెయింట్ మేరీస్ బసిలికా సంగతి మీకు తెలిసిందే.

కాబట్టి మీవారికి చెప్పండి, మీ అబ్బాయి అక్కడ ఊరికే కూర్చునే ప్రమాదమైతే లేదు. నా భయం వేరు. చాలామంది పిల్లలు బలిపీఠం దగ్గర సాంబ్రాణి ధూపం, కొవ్వొత్తులు, పాటలు చూసి ఈ దారిని ఇష్టపడతారు. అవి అందమైనవే, ఆ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ రోజులో ఎక్కువ భాగం గడిచేది తలుపు దగ్గర. చేస్తున్న పని మధ్యలో ఎవరో ఒకరు వచ్చి ఆపుతారు, అలా ఆపినవాళ్ల పనే ఆ రోజు అసలు పని అవుతుంది. తలుపేసుకుని గంటల తరబడి లెక్కలు చేసుకుంటే తప్ప కుదురుండని పిల్లాడికి ఇది నరకం. పదిమందిలో పడితే ఓపిక పెరిగే పిల్లాడైతే ఆ మార్కులు ఇక్కడా పనికొస్తాయి. మీ అబ్బాయి ఏ రకమో ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు గమనించండి.

ఇక కష్టమైన సంగతులు దాచను. పీఠానికి (డయాసిస్‌కు) చెందిన గురువు పెళ్లి చేసుకోడు, పీఠాధిపతి (బిషప్) ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తానని మాటిస్తాడు. ఇవాళ నగరం నడిబొడ్డున ఉన్నాయన రేపు రోడ్డు సరిగా లేని ఊరికి వెళ్లొచ్చు. జీతం అనుకునేది ఏమీ ఉండదు, భత్యంలాంటిది చిన్న మొత్తం ఉంటుంది. తిండి, నివాసం, వైద్యం పీఠం చూస్తుంది. సాఫ్ట్‌వేర్ కొడుకు పంపినట్టు నెలనెలా మీకు డబ్బు పంపే వీలుండదు, ముసలితనంలో మీతో కలిసి ఉండడం కూడా కుదరకపోవచ్చు. ఒక్కడే కొడుకైనంత మాత్రాన తిరుసభ అడ్డు చెప్పదు. కానీ మీ పెన్షన్, ఇల్లు, ఆరోగ్య బీమా ఏమిటో ఇప్పుడే కాగితం మీద రాసుకుని అబ్బాయి ముందు పెట్టండి. "మా గురించి ఆలోచించకు" అని ఏడుస్తూ చెప్పడం కంటే ఆ కాగితం వాడికి ఎక్కువ సాయం చేస్తుంది. ఒంటరితనం గురించి కూడా అడిగాను. "రాత్రి గేటు వేశాక వంటింట్లో లైటు నేనే ఆర్పుకోవాలి" అన్నారు ఆయన, అంతకు మించి ఏమీ అనలేదు.

ఇంకో మాట. ఆయన ఆఫీసు తలుపుకు అద్దం ఉంది, పిల్లలెవరైనా వస్తే ఆ తలుపు తెరిచే ఉంచారు. ఈ వృత్తిలో కొందరు చేసిన దుర్మార్గం వల్ల ఎన్ని జీవితాలు నాశనమయ్యాయో లోకమంతా చూసింది. మీ అబ్బాయిని ఎక్కడికి పంపినా, అక్కడ పిల్లల రక్షణకు ఏ నియమాలున్నాయో తల్లిగా అడిగే హక్కు మీకుంది. అడగండి.

చదువు దారి ఇలా ఉంటుంది. ఫాదర్లను తయారుచేసే బడిని సెమినరీ అంటారు. ముందు మైనర్ సెమినరీ, అక్కడ ఇంగ్లీషు, ప్రార్థనా జీవితం. తర్వాత ఫిలాసఫీ, మధ్యలో ఒక ఏడాది రీజెన్సీ, అంటే ఏదైనా విచారణలోనో బడిలోనో పనిచేసి చూడడం. ఆ పైన నాలుగేళ్లు థియాలజీ. తెలుగు పీఠాల గురువిద్యార్థులు ఎందరో చదివిన సెయింట్ జాన్స్ రీజినల్ సెమినరీ మీకు దగ్గరలోనే, రామంతపూర్‌లో ఉంది. ఫాదర్ అయ్యే ముందు మెట్టు డీకన్. డీకన్ అయ్యాక కనీసం ఆరు నెలలకు గాని గురుపట్టం ఇవ్వరు, అంటే ఫాదర్‌గా చేయరు. 1983 నాటి తిరుసభ చట్టం ప్రకారం గురుపట్టానికి 25 ఏళ్లు నిండాలి. ఇంటర్ తర్వాత చేరినవాళ్లకు పదేళ్లు, ఆపైన కూడా పడుతుంది. ఖర్చు చాలావరకు పీఠమే భరిస్తుంది.

నన్నడిగితే డిగ్రీ చేసి చేరమంటాను. 21 ఏళ్లకు చేరినవాడు తనేమిటో కాస్త తెలిసి చేరతాడు. మధ్యలో బయటికొచ్చినా చేతిలో డిగ్రీ ఉంటుంది. మధ్యలో బయటికొచ్చేవాళ్లు తక్కువేం కాదు, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. అన్నేళ్ల శిక్షణ పెట్టిందే వెనక్కి తిరిగే వీలు ఉండాలని. చుట్టాల మాటలకు భయపడి ఇష్టం లేకుండా లోపల ఉండిపోయినవాళ్లను చూశాను, వాళ్ల కంటే బయటికొచ్చి బడిలో పాఠాలు చెప్పుకుంటున్నవాళ్లు వెయ్యి రెట్లు నయం. ఇప్పుడే వెళ్తానని అబ్బాయి పట్టుబడితే, ఫిలాసఫీతో పాటు యూనివర్సిటీ డిగ్రీ చేయించే ఏర్పాటు ఉందో లేదో ముందే కనుక్కోండి.

"ఫాదరైతే ఎదుగుదల ఏముంది?" అని చుట్టాలు తప్పకుండా అంటారు. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టు 27న కార్డినల్, అంటే పోప్‌ను ఎన్నుకునే పెద్దల్లో ఒకరు, అయ్యారు. తెలుగువారిలో తొలి కార్డినల్ ఆయన, దళితుల్లోనూ ఆయనే. 1992లో గురుపట్టం పొందారు. ఈ సంగతి వాళ్ల నోరు మూయించడానికి పనికొస్తుందేమో గాని, పదవి మీద కన్నుతో ఈ దారిలోకి ఎవరినీ పంపకండి.

ఇదే ప్రశ్న అడుగుతున్న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ప్రొటెస్టెంట్ సంఘం) కుటుంబాల కోసం రెండు ముక్కలు. అక్కడ పాస్టర్లు పెళ్లి చేసుకోవచ్చు, ఆడపిల్లలు కూడా పాస్టర్లు కావచ్చు. 2013లో నంద్యాల డయాసిస్‌కు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. చదువు బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ), హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో ఉంది.

అమ్మా, ఇప్పుడు చేయాల్సింది ఇది. మీ ఫాదర్ గారిని అడిగి అబ్బాయిని రెండు వారాలు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా విచారణ ఆఫీసులో కూర్చోబెట్టండి. ఆదివారాలు వద్దు. సోమవారం చాలామంది ఫాదర్లకు సెలవు రోజు కాబట్టి మంగళవారం మొదలుపెట్టండి. రిజిస్టర్లు అందించడం, వచ్చినవాళ్లకు నీళ్లివ్వడం, ఫోన్ ఎత్తడం, అంతే పని. ఇంటికొచ్చాక ఏం నేర్చుకున్నావని అడగొద్దు, ఎవరెవరొచ్చారని అడగండి. తలుపు దగ్గర నిలబడ్డ మనుషుల గురించి తనంతట తాను చెబుతుంటే, ఫాదర్లు కావాలనుకునేవాళ్లకు దారి చూపే మీ అగ్రపీఠం వొకేషన్ డైరెక్టర్ ఫాదర్‌కు ఫోన్ చేసి, సెమినరీ ఎలా ఉంటుందో కొన్నాళ్లు ఉండి చూసే వీలుందేమో అడగండి. ఈలోగా ఎప్‌సెట్ కౌన్సెలింగ్ తేదీలు వస్తే ఆప్షన్లు పెట్టించేయండి. సీటు వచ్చాక వదులుకోవచ్చు, తేదీ దాటితే మాత్రం మళ్లీ ఏడాది ఆగాలి.