తిరుమల గుడిలో రాయలవారి విగ్రహం ఎందుకుంది? దానికీ పూజలు చేస్తారా?

లేదు, అది పూజల కోసం పెట్టిన విగ్రహం కాదు. శ్రీకృష్ణదేవరాయలు అక్కడ నిలబడింది భక్తుడిగానే. మహాద్వారం దాటగానే కుడివైపు చూడండి (క్యూ తోపులాటలో చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు). తలపై పొడవాటి కుళ్ళాయి, నడుముకు పంచె, జోడించిన చేతులు, ఇరుపక్కలా ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి.

ఎందుకంటే, రాజు రాజధానిలో ఉన్నా యుద్ధంలో ఉన్నా ఆయన తరఫున దండం మాత్రం స్వామి ముందు ఆగకూడదని. గుడికి దానాలిచ్చిన రాజులు ఇలా తమ ప్రతిమలు పెట్టించుకోవడం అప్పటి ఆచారమే. ఆయన తర్వాత రాజైన తమ్ముడు అచ్యుతరాయల ప్రతిమ కూడా ఇక్కడే ఉంది.

రాయలు 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు కొండెక్కాడు. 1514లో ఒడిశా గజపతి రాజుల నుంచి ఉదయగిరి కోట గెలిచాక, తిరుగుదారిలో ఇక్కడికొచ్చి స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. గెలిచిన ఊపులో ఉన్న రాజు ముందుగా లెక్క అప్పజెప్పింది ఇక్కడే అన్నమాట.

"దేవుడి గుడిలో తన బొమ్మ పెట్టించుకున్నాడంటే ఎంత గర్వమో" అని కొందరు అనుకుంటారు. పేరు నిలవాలన్న కోరిక రాజుకు అసలు లేదని నేననను. కానీ గొప్ప చూపించుకోవడమే పనైతే సింహాసనం మీద కూర్చున్నట్టో, కత్తి పట్టినట్టో విగ్రహం చేయించుకునేవాడు.