పాత స్విస్ కె31 రైఫిల్ దొరికితే కొనేముందు ఏం చూడాలి? రేంజ్‌లో ఎలా పరీక్షించాలి?

కె31 కోసం చాలాకాలంగా వెతుకుతున్నానని, ఇప్పుడు ఒకటి అమ్మకానికి వచ్చిందని, బేరం ఖాయం చేసుకునే ముందు ఏం చూడాలని అడిగారు. ఈ రైఫిళ్లు 1933 నుంచి 1958 దాకా తయారయ్యాయి. ఆ తర్వాత చేతులు మారుతూ వస్తున్నవే ఇప్పుడు దొరుకుతాయి. మళ్లీ దొరకదేమోనన్న తొందరలో చాలామంది కర్ర నునుపు చూసి డబ్బు ఇచ్చేస్తారు. చూడాల్సింది బ్యారెల్ లోపల, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి వెనక నుంచి మూసే కడ్డీ) దగ్గర.

అన్నిటికంటే ముందు మీ లైసెన్సులో ఈ క్యాలిబర్‌కు అనుమతి ఉందో లేదో తేల్చుకోండి. తర్వాత 7.5×55 తూటాలు మీకు నికరంగా ఎక్కడ దొరుకుతాయో చూసుకోండి. రైఫిల్ దొరికి తూటా దొరక్కపోతే అది గోడకే. అలాగే 1889 మోడల్ కూడా బోల్ట్‌ను నేరుగా వెనక్కి లాగే రకమే కాబట్టి చూపుకు దగ్గరగా ఉంటుంది. దాన్ని పాత, తక్కువ ఒత్తిడి తూటా కోసం చేశారు. కె31కు వాడే జీపీ11 (స్విస్ సైన్యపు 7.5×55 తూటా) అందులో పేల్చకూడదు. అమ్మేవారి మాట మీద ఆధారపడకుండా మోడల్ ఏదో మీరే నిర్ధారించుకోండి.

రైఫిల్ చేతికి రాగానే మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూడండి. రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు భాగం) మీది నంబరును బ్యారెల్, బోల్ట్, మ్యాగజైన్ల మీది అంకెలతో పోల్చండి. మ్యాగజైన్ నంబరు కలవకపోతే విలువ కాస్త తగ్గుతుంది, అంతే. బోల్ట్ నంబరు కలవకపోతే మాత్రం హెడ్‌స్పేస్ గేజ్‌తో (మూసిన బోల్ట్‌కూ ఛాంబర్‌కూ మధ్య తూటాకు ఉండే చోటును కొలిచే సాధనం) చూడకుండా ఒక్క రౌండు కూడా పేల్చకండి. గో గేజ్ మీద బోల్ట్ పూర్తిగా మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. రెండు గేజ్‌ల మీదా బోల్ట్‌ను వేళ్ల బలంతోనే మూసి చూడాలి. బలవంతం చేస్తే కొలత తప్పుతుంది, గేజ్ కూడా పాడవుతుంది.

బ్యారెల్‌లో నూనె ఉంటే గుంటలు కనబడవు. బోల్ట్ తీసేసి, పొడి గుడ్డ పీలికలు రెండు మూడు దూర్చి, వెనక నుంచి లైటు వేసి చూడండి. గాడుల అంచులు మూతి దాకా పదునుగా ఉండాలి. మూతి అంచు మీద చిన్న దెబ్బ ఉన్నా గ్రూపింగ్ (తూటాలన్నీ దగ్గర దగ్గరగా పడటం) చెదురుతుంది. కర్ర బట్ కింది భాగం నల్లబడి, దెబ్బలు తిని ఉండటం ఈ రైఫిళ్లలో మామూలే. దానివల్ల గురికి నష్టం లేదు. బట్ ప్లేట్ కింద ఒక్కోసారి సైనికుడి పేరున్న చీటీ దొరుకుతుంది. ఎంతో అపురూపమైన వస్తువే, కానీ దానికోసం పాడైన బ్యారెల్‌ను కొనకండి.

సేఫ్టీని కూడా ఖాళీ రైఫిల్ మీదే పరీక్షించండి. వెనకున్న రింగును లాగి పక్కకు తిప్పి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కండి. తర్వాత ట్రిగ్గర్ వదిలేసి సేఫ్టీ తీయండి. తీసేటప్పుడు ఫైరింగ్ పిన్ దానంతట అది పడితే ఆ రైఫిల్‌ను మరమ్మతు నిపుణుడికి చూపించాల్సిందే.

రేంజ్‌కు వెళ్లేముందు ట్రిగ్గర్ గార్డు దగ్గరి రెండు స్క్రూలూ బిగువుగా ఉన్నాయో చూడండి. వదులైన స్క్రూ వల్ల తూటాలు అటూ ఇటూ పడుతుంటే చాలామంది సైట్‌ను తప్పుపడతారు. కళ్లద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి. మొదట ఒక్కొక్క రౌండే లోడ్ చేయండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతిని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాకే బోల్ట్ తెరవండి.

బయటికొచ్చిన ప్రతి ఖాళీ కేసును చేతిలోకి తీసుకుని చూడండి. అడుగు భాగానికి కాస్త పైన మెరిసే వలయం కనబడినా, ప్రైమర్‌కు (అడుగున మందును అంటించే చిన్న మూతకు) చిల్లి పడినా అక్కడితో ఆపేయండి. కేసు ఛాంబర్‌లో ఇరుక్కుంటే సుత్తి జోలికి పోవద్దు. తిప్పి తెరిచే బోల్ట్‌కు ఉన్నంత మొదటి లాగుడు బలం నేరుగా లాగే కె31 బోల్ట్‌కు ఉండదు. అందుకే చేత్తో మళ్లీ నింపిన తూటాల కేసులను పూర్తి కొలతకు సైజు చేయాలి. ఛాంబర్ ముందు ఖాళీ కూడా తక్కువే కనుక బుల్లెట్ గాడులకు తగలకుండా ఎంత లోపలికి కూర్చోవాలో మీ రైఫిల్‌లోనే కొలుచుకోవాలి.

పరీక్షకు మాత్రం 11.3 గ్రాముల బుల్లెట్ ఉన్న జీపీ11నే వాడండి, ఎందుకంటే సైట్ గీతలు దాన్ని బట్టే పెట్టారు. 100 మీటర్ల దూరంలో ఇసుక సంచుల మీద ఆనించి, ఒకే చోట గురిపెట్టి ఐదేసి రౌండ్ల గ్రూపులు కొట్టండి. మూడు రౌండ్లు దగ్గరగా పడటం అదృష్టం కూడా కావచ్చు. గ్రూపుకూ గ్రూపుకూ మధ్య బ్యారెల్ చేతికి వెచ్చగా తగలనంతగా చల్లారనివ్వండి. రెండు గ్రూపుల కేంద్రాలు ఒకే వైపుకు తప్పితేనే మూతి దగ్గరి సైట్‌ను కదపండి. దెబ్బ ఎడమకు పడితే ఆ సైట్‌ను ఎడమకే జరపాలి. రెండు సైట్ల మధ్య దూరం దాదాపు 570 మి.మీ. కాబట్టి అర మిల్లీమీటరు జరిపితే 100 మీటర్ల దగ్గర సుమారు 9 సెం.మీ. తేడా వస్తుంది. సుత్తితో కొట్టకుండా, స్క్రూతో నెట్టే సాధనం వాడండి. జరిపే ముందు పాత స్థానం దగ్గర పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకోండి.